పల్లవి మనదే కావాలి

మేడే సభల్లో ఇప్పుడు పాటకు కొదవ లేదు. నిలువెత్తు స్పీకర్లు, రికార్డు చేసి తెచ్చిన ట్రాకు, చేతిలో మైకుతో ఒక గాయకుడు. కింద ఎర్రచొక్కాల్లో కూర్చున్నవాళ్లు ఫోన్లెత్తి వీడియో తీసుకుంటారు, పాట అయ్యాక చప్పట్లు కొడతారు. పాట కార్మికుడి గురించే, కానీ కార్మికుడు పాడడు. ఇది నాకు మింగుడుపడడం లేదు.

న్యూయార్క్‌లో 1991 నుంచి ఒక లేబర్ కోరస్ నడుస్తోంది. రకరకాల యూనియన్ల సభ్యులు, రిటైరైనవాళ్లు కలిసి పాత పోరాటాల పాటలు పాడతారు. ఇలాంటి బృందాలు పాడే పాటల పుట్టుక చూడండి. 1931లో కెంటకీ రాష్ట్రంలోని హార్లాన్ కౌంటీలో బొగ్గుగని కార్మికులు పోరాడుతున్నారు. యూనియన్ నాయకుడు శామ్ రీస్ కోసం షెరీఫ్ మనుషులు ఇంటిమీద పడి సోదా చేశారు. ఆయన దొరకలేదు. భార్య ఫ్లోరెన్స్ రీస్ గోడమీది క్యాలెండర్ కాగితం చింపి, దాని వెనక పాట రాసింది. ఎవరి పక్షాన నిలబడతావో తేల్చుకొమ్మని నిలదీసే పాట అది. బాణీ మాత్రం కొత్తగా కట్టలేదు, అప్పటికే నలుగురికీ తెలిసిందే తీసుకుంది. అందుకే మర్నాటి నుంచే ఎవరైనా పాడగలిగేలా ఉంది.

మనవాళ్లకూ ఈ కిటుకు తెలుసు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి కొత్త కళారూపం కోసం వెతుక్కోలేదు, జనం రాత్రంతా కూర్చుని చూసే బుర్రకథనే అందుకుంది. తెలంగాణలో సుద్దాల హనుమంతు వెట్టిచాకిరీ గోసను గొల్లసుద్దుల్లో చెప్పాడు. బుర్రకథలో వంతల పని గమనించండి. కథకుడు తంబురా మీటుతూ కథ ఎత్తుకుంటే, ఇరుపక్కలా డక్కీలు వాయిస్తూ తందాన అందుకోవడంతో వాళ్ల పని అయిపోదు. ఒకరు హాస్యమాడతారు, ఇంకొకరు రాజకీయం మాట్లాడతారు. అడ్డుతగిలి ప్రశ్నలేస్తారు. జనం తరఫున అడిగే గొంతులు అవే. షేక్ నాజర్ అంతటివాడి పక్కనా వంతలు ఉండాల్సిందే.

గొప్ప గాయకులు వద్దంటావా అని అడగొచ్చు. గద్దర్ లాంటి గొంతు లేకపోతే పాట లక్షలమందికి చేరేదా? చేరేది కాదు. కానీ ఆయన పక్కనా పల్లవి అందుకునే బృందం ఉండేది, కింద కూర్చున్న జనమూ అందుకునేవారు. ట్రాకుకు ఆ వీలు లేదు. అది ఎవరికోసమూ ఆగదు.

ఇంకో మాట. పాత పాటను ఉన్నదున్నట్టు వల్లించడం వర్ధంతి సభకే సరిపోతుంది. ఫ్లోరెన్స్ పాటకు 1960లలో పౌరహక్కుల ఉద్యమకారులు తమ చరణాలు కట్టుకున్నారు. మన దగ్గర చరణాలకు సరుకు తక్కువా? 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు మొదలుపెట్టిన సమ్మె, ఎస్మా ప్రయోగించినా 42 రోజులు సాగింది. ఇవి పేపరు కటింగుల్లోనే మిగిలిపోతే, పదేళ్ల తర్వాత ఉద్యోగంలో చేరే పిల్లకు ఎవరు చెబుతారు? కరపత్రం చించేస్తారు, ఉపన్యాసం మరిచిపోతారు. పదిమందితో కలిసి పాడిన పల్లవి మాత్రం నోట్లో నానుతూనే ఉంటుంది.

1909లోనే అమెరికాలో ఐడబ్ల్యూడబ్ల్యూ యూనియన్ జేబులో పట్టే పాటల పుస్తకం అచ్చేసింది. మన యూనియన్లు చందా రసీదు పుస్తకంతో పాటు అలాంటిదొకటి వేయలేవా? వారానికో సాయంత్రం, ఆఫీసులోనే ఓ గంట సాధన చాలు. శ్రుతి కుదరకపోయినా కొంపలేం మునగవు. వచ్చే మేడేకి గాయకుణ్ణి పిలవండి, తాంబూలం ఇవ్వండి. పల్లవి మాత్రం మావాళ్లే పాడతారని ఆయనకు ముందే చెప్పండి.