వాలు మీద శబ్దం

సముద్రంలో శబ్దం ఎట్లా ప్రయాణిస్తుందో చెప్పే కంప్యూటరు లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చు? అడుగు చదునుగా ఉన్నంతమేరకు పెద్ద పేచీ లేదు. ఒడ్డు దగ్గర అది ఏటవాలుగా పైకి లేచినప్పుడే అసలు చిక్కు.

ఈ రంగంలోనివారందరూ ఎరిగిన పరీక్ష ఒకటున్నది. కత్తి అలుగువలె సన్నబడే సముద్రాన్ని ఊహించుకోండి: 200 మీటర్ల లోతు 4 కిలోమీటర్లలో సున్నా అవుతుంది. వాలు 3 డిగ్రీలయినా లేదు. నీటిలో శబ్దవేగం సెకనుకు 1500 మీటర్లు, అడుగుమట్టిలో 1700. ఒడ్డువైపు పోయే శబ్దకిరణం అడుగును తాకిన ప్రతిసారీ దాదాపు 6 డిగ్రీలు నిటారవుతుంది. 28 డిగ్రీలు దాటిందా, చాలా భాగం మట్టిలోకి దిగిపోతుంది.

1990లో జెన్సెన్, ఫెర్లా ఈ సమస్యకు ప్రామాణిక పరిష్కారాలు ప్రచురించారు. అప్పుడు బయటపడినది విచిత్రం. ముందుకు పోయే తరంగాన్ని మాత్రమే లెక్కించే పద్ధతులు వాలును చిన్న చిన్న మెట్లుగా కోసి, మెట్టుమెట్టుకూ పీడనాన్ని అతుకుతూ పోయేవి. చూడడానికి ఏ దోషమూ లేదు. కాని శక్తి లెక్క కుదరలేదు, మెట్లు ఎంత సన్నగా కోసినా సరే! బడిపిల్లలకు తెలిసిన శక్తి నిత్యత్వ నియమం నిపుణుల ప్రోగ్రాములలో తప్పిపోయిందన్నమాట. తరువాత దానిని సరిదిద్దారు.

నా అభ్యంతరం అక్కడినుంచే మొదలు. ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఏకీభవిస్తే, సముద్రంతోనూ ఏకీభవించినట్లే చెల్లుబాటవుతున్నది. ఇద్దరు లేఖకులు ఒకే తప్పుప్రతిని చూసి రాస్తే, పాఠాలు కలిసినంతమాత్రాన మూలం శుద్ధమైనదనగలమా? నిజమైన అడుగు ఒకచోట ఇసుక, మరొకచోట బురద. మెత్తని బురదలో శబ్దవేగం నీటిలోకన్న తక్కువగా కూడా ఉండవచ్చు. అప్పుడా 28 డిగ్రీల హద్దే ఉండదు. పైగా తీరం వెంట సాగే శబ్దం మెల్లగా లోతువైపు వంగుతుంది. ఒక నిలువుకోతలో చేసిన లెక్కకు ఆ సంగతి తెలియనే తెలియదు.

కొలవడం కష్టమైన పని, కాదనను. ఓడ కదులుతుంది, పోటుపాట్లు మారుతాయి, నీటి ఉష్ణోగ్రత పూటపూటకూ వేరు. కాని రేవు కట్టడానికి ఉక్కు స్తంభాలు దిగగొట్టేటప్పుడు ఎంత దూరంలోని తిమింగలాలకు హాని అన్నది ఈ లెక్కల మీదనే నిర్ణయమవుతుంది. అటువంటి చోట నాలుగు హైడ్రోఫోనులు దింపి విననిదే, అడుగుమట్టిని గొట్టంతో పైకి తీసి చూడనిదే అనుమతి ఇవ్వరాదని నా అభిప్రాయం. అందాకా ఎవరు రంగురంగుల పటం తెచ్చి చూపినా నేను మొదట అడిగేది ఒక్కటే: మట్టిలో వేగం 1700 అని మీకెవరు చెప్పారు?