అమ్మ ఒంట్లో చుట్టాలు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ధర్మవరంనుంచి ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి రాసిన జాబు ఉన్నది. వాళ్ళది మగ్గం ఉన్న ఇల్లు. నాయన నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. తమ్ముడు పుట్టి ఏడాది తిరక్కముందే అమ్మ చేతివేళ్ళ కీళ్ళు వాచాయట. పొద్దున లేచి గంట గడిస్తేగాని పిడికిలి మూసుకోదట. అమ్మ పుట్టినూరు హిందూపురం. అక్కడ డాక్టరుకు చూపిస్తే, "నీ ఒంటిని కాపాడవలసిన కాపలావాళ్ళే నీ కీళ్ళమీద తిరగబడ్డారమ్మా" అన్నాడట. ఎవరో చదువుకున్నావిడ, బిడ్డ రక్తం కొంత తల్లిలోనే ఉండిపోతుందనీ, ఇటువంటి జబ్బులకు అదే కారణమనీ చెప్పిందట. ఇక జాబులోని చివరి ముక్కలు వినండి: "అయ్యవారూ, నిజంగా మా తమ్ముడివల్లనే అమ్మకు జబ్బు చేసిందా? అవ్వ వాణ్ణి ఎత్తుకోవడం మానేసింది."

ఈ జాబు చదివాక, ఈ నెలకు అనుకున్న తోకచుక్కల సంగతి పక్కన పెట్టేశాను. తోకచుక్కలు ఎక్కడికీ పోవు.

బిడ్డవి తల్లి ఒంట్లో ఉండిపోతాయా అంటే, ఉండిపోతాయి. రక్తమంతా కాదు, కొన్ని కణాలు. మీరు బడిలో ఉల్లిపొరను సూక్ష్మదర్శని కింద పెట్టి చూసే ఉంటారు. ఇటుకలు పేర్చినట్లు గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది గదా, ఒక్కొక్క గడీ ఒక్కొక్క కణం. మన ఒళ్ళు కూడా అటువంటి కణాలతో కట్టిందే. కడుపులో ఉన్న బిడ్డకూ తల్లికీ నడుమ మాయ ఉంటుంది. తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ నేరుగా కలవవు. మాయ పొరలగుండానే ఆహారమూ, ప్రాణవాయువూ బిడ్డకు చేరుతవి. అయితే, ఎంత గట్టి గోడకైనా సందులుంటాయి. 1893లోనే జర్మనీలో జార్జ్ ష్మోర్ల్ అనే వైద్యుడు, కాన్పు సమయంలో ఫిట్లు వచ్చి చనిపోయిన స్త్రీల ఊపిరితిత్తులను పరీక్షించి, అక్కడ మాయకు చెందిన పెద్ద పెద్ద కణాలు చూశాడు. మాయ ఎక్కడ, ఊపిరితిత్తులు ఎక్కడ! అవి రక్తంలో కొట్టుకువచ్చాయన్నమాట.

వచ్చినవి ఎన్నాళ్ళుంటాయి? ఇది కనిపెట్టడం తేలికకాదు. గర్భిణీ స్త్రీ రక్తం ఒక మిల్లీలీటరు తీసుకుంటే, అందులో నాలుగైదు వందల కోట్ల ఎర్రకణాలుంటాయి. బిడ్డకు చెందిన కణం ఒకటో రెండో ఉంటే ఉంటుంది. ఇసుకమేటలో ఆవగింజను వెతికినట్లే. ఐతే ఆవగింజకు ఒక గుర్తు ఉంటే? శాస్త్రజ్ఞులు అలాంటి గుర్తునే పట్టుకున్నారు. మనిషి కణంలో 46 క్రోమోజోములుంటాయి. అందులో వై అనే పొట్టి క్రోమోజోము మగవాళ్ళలోనే ఉంటుంది, ఆడవాళ్ళలో ఉండదు. కనుక తల్లి రక్తంలో వై కనిపించిందంటే అది ఆమెది కాదు. చాలావరకు ఆమె కన్న కొడుకుది అయి ఉంటుంది. ఈ ఉపాయంతో 1996లో అమెరికాలోని బోస్టనులో డయానా బియాంకీ అనే వైద్యురాలూ, ఆమెతో పనిచేసేవారూ వెతికారు. కొడుకును కని 27 ఏళ్ళయిన తల్లి రక్తంలో కూడా మగకణాలు దొరికాయి! కొడుకు పెరిగి పెద్దవాడై ఉద్యోగానికి వెళ్ళిపోయినా, వాడి కణాలు మాత్రం అమ్మను విడిచి వెళ్ళలేదు.

ఇక్కడ మగపిల్లలు కాలరెత్తుకుని తిరగనక్కరలేదు. కూతుళ్ళ కణాలు కూడా అలాగే వెళతాయి, అలాగే ఉంటాయి. వాటికి వై అనే గుర్తు లేదు గనుక పట్టుకోవడం కష్టం, అంతే. పత్రికలలో ఎప్పుడూ కొడుకుల కణాల సంగతే రాయడానికి కారణం అదే. వెతికేవాడి దగ్గర ఏ దీపం ఉంటే ఆ వెలుగు పడినచోటే వస్తువు దొరుకుతుంది మరి.

ఇప్పుడు కాపలావాళ్ళ సంగతి చూద్దాము. పెనుకొండ కోట మీలో చాలామంది ఎక్కి ఉంటారు. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో ఓడిపోయిన తరువాత విజయనగర రాజులు తమ రాజధానిని ఆ కొండకే మార్చుకున్నారు. అటువంటి కోట వాకిట నిలబడ్డ కావలివాడి పని యేమిటి? మనవాడెవడో పరాయివాడెవడో పోల్చుకోవడం. మన ఒంటి కోటకు తెల్లరక్తకణాలు కావలివాళ్ళు. ప్రతి కణం పైనా కొన్ని గుర్తులుంటాయి. కావలివాడు ఆ గుర్తులు తడిమి చూసి, మనవాడైతే వదిలిపెడతాడు, చీడపురుగైతే చంపుతాడు. ఒక్కొక్కరిలో ఈ కావలివాళ్ళకు మతి తప్పుతుంది. సొంత కణాలనే శత్రువులనుకుని పడతారు. కీళ్ళమీద పడితే రుమటాయిడ్ కీళ్ళవాతం. చర్మం గట్టిపడి తోలులాగా బిగుసుకుపోతే స్క్లీరోడెర్మా. లూపస్ అని మరొకటి. డాక్టర్లు వీటన్నిటినీ కలిపి ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. ఇవి మగవాళ్ళలోకన్న ఆడవాళ్ళలో ఎక్కువ. లూపస్ వచ్చినవారిలో పదింట తొమ్మిదిమంది స్త్రీలే.

మరి బిడ్డ కణాల సంగతి? బిడ్డకు గుర్తులు సగం అమ్మనుంచి, సగం నాయననుంచి వస్తాయి. అంటే తల్లి ఒంట్లో చేరిన ఆ కణం సగం చుట్టం, సగం పరాయి. దాన్ని కావలివాళ్ళు ఏళ్ళ తరబడి ఎలా వదిలిపెట్టారు?

పశువులున్న ఇళ్ళవాళ్ళకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఆవుకు ఒకే ఈతలో కోడెదూడా పెయ్యదూడా పుడితే, ఆ పెయ్య సాధారణంగా గొడ్డుపోతుంది. కడుపులో ఉండగానే రెండింటి మాయలలోని రక్తనాళాలు కలిసిపోవడమే దీనికి కారణం. 1945లో అమెరికాలో రే ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటి కవలదూడల రక్తం పరీక్షించి, పెద్దయ్యాక కూడా ఒకదాని ఒంట్లో రెండోదాని రక్తకణాలు నిక్షేపంగా బతుకుతున్నాయని చూపించాడు. పుట్టకముందే పరిచయమైనవాణ్ణి కావలివాడు పరాయివాడనుకోడన్నమాట. ఈ దారిలోనే పరిశోధనలు చేసిన మెడవార్, బర్నెట్ అనే ఇద్దరికి 1960లో నోబెల్ బహుమానం వచ్చింది. అయితే తల్లి అప్పుడే పుట్టబోయే దూడకాదు గదా! కాబట్టి ఆమె కావలివాళ్ళు ఈ చుట్టాన్ని ఎలా భరిస్తున్నారనే ప్రశ్న అంతటితో తీరలేదు.

సియాటిల్ నగరంలో లీ నెల్సన్ అనే వైద్యురాలు ఆ ప్రశ్ననే మరోవైపునుంచి వేసింది. ఎముకల మూలుగ చెడిపోయినవాళ్ళకు ఇంకొకరి మూలుగ ఎక్కిస్తారు. అప్పుడప్పుడూ ఆ వచ్చిన మూలుగలోని కణాలు కొత్త ఇంటిమీద తిరగబడతవి. రోగి చర్మం గట్టిపడుతుంది. చూడడానికి అచ్చం స్క్లీరోడెర్మాలాగానే ఉంటుంది. అలా అయితే, స్క్లీరోడెర్మా ఉన్న తల్లులలో కూడా ఇటువంటి పరాయి కణాలే, అంటే బిడ్డల కణాలే, పని చేస్తున్నాయేమో! ఆమె, ఆమె బృందం పరీక్ష చేసి చూశారు. 1998లో ఫలితం వెలువడింది. కొడుకులను కన్న స్త్రీలలో, జబ్బు లేనివారిలోకన్న జబ్బున్నవారిలో మగకణాల జాడ ఎక్కువగా ఉన్నది. అమ్మాయితో ఆ చదువుకున్నావిడ చెప్పిన మాట పుట్టింది ఇక్కడే.

కాని కథ అక్కడ ఆగలేదు, ఆవిడ విన్నది మాత్రం అక్కడ ఆగిపోయింది. 2001లో బియాంకీ బృందం థైరాయిడ్ గ్రంథి వాచిన స్త్రీలను పరీక్షించింది. ఒకామె గ్రంథిలో కొంతభాగం పూర్తిగా మగకణాలతోనే తయారై, చుట్టూ ఉన్న ఆమె సొంత గ్రంథితో తేడా తెలియకుండా అతుక్కుపోయి ఉన్నది! అది పాడుచేయడానికి వచ్చిన కణం పనిలాగా ఉన్నదా, చిరిగినచోట మాసిక వేసినట్లున్నదా, మీరే చెప్పండి. 2011లో న్యూయార్కులో ఎలుకలమీద ఇంకొక ప్రయోగం చేశారు. కడుపులోని ఎలుకపిల్లల కణాలు ఆకుపచ్చగా వెలిగేటట్లు ముందే ఏర్పాటు చేశారు. తరువాత తల్లిఎలుక గుండెకు దెబ్బ తగిలించారు. ఆకుపచ్చ కణాలు ఆ దెబ్బ తగిలినచోటికి వెళ్ళి చేరాయి. కొన్ని గుండెకండరంగా మారి కొట్టుకోవడం కూడా మొదలుపెట్టాయి.

పిల్లలూ, ఒక గడ్డివామి అంటుకున్నదనుకోండి. మీరు పరుగెత్తుకుని వెళ్ళేసరికి అక్కడ పదిమంది ఉన్నారు. వాళ్ళలో నిప్పు పెట్టినవాడు ఉండవచ్చు. నీళ్ళబిందె పట్టుకుని ఆర్పడానికి వచ్చినవాళ్ళుంటారు. ఊరికే చూడడానికి వచ్చినవాళ్ళూ ఉంటారు. మంట దగ్గర కనిపించారు కాబట్టి వీళ్ళే అంటించారని పదిమందినీ కట్టివేస్తే న్యాయమా? జబ్బుపడిన అవయవంలో బిడ్డ కణం కనిపించడం కూడా అంతే. అది కొన్ని జబ్బులలో అపకారం చేస్తూ ఉండవచ్చు, కొన్నిచోట్ల మరమ్మతు చేస్తూ ఉండవచ్చు, చాలాచోట్ల ఊరకే కూర్చుని ఉండవచ్చు. ఏది ఎప్పుడో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న లెక్కలేనంతమంది తల్లులలో కూడా బిడ్డల కణాలున్నాయి. బిడ్డలను కననివారికీ, చివరకు మగవారికీ కూడా ఈ జబ్బులు వస్తాయి. మగవారికి ఏ బిడ్డవల్ల వచ్చినట్లు? పైగా, సియాటిల్ బృందమే 2010లో ప్రకటించిన ఒక పరిశోధనలో, బిడ్డలను కన్న స్త్రీలకు రుమటాయిడ్ కీళ్ళవాతం తక్కువగా వచ్చినట్లు తేలింది.

అలా అయితే తమ్ముడు పుట్టిన ఏడాదిలోనే జబ్బు ఎందుకు బయటపడింది? ఇందులో కొంత నిజం ఉన్నది, దాచను. రుమటాయిడ్ జబ్బు కాన్పు అయిన తరువాతి ఏడాదిలో బయటపడడం డాక్టర్లు తరచు చూసేదే. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఒంటి కావలివాళ్ళ తీరు మారుతుంది. అంతకుముందే జబ్బు ఉన్నవారిలో చాలామందికి ఆ నెలల్లో నొప్పులు తగ్గుతాయి కూడా. ఈ సంగతి 1938లోనే ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు రాశాడు. కాన్పు కాగానే కావలివాళ్ళు మళ్ళీ మామూలు తీరుకు వస్తారు, అణగి ఉన్న జబ్బు పైకి లేస్తుంది. అది కాలం తెచ్చిన మార్పు. చంటివాడు చేసిన తప్పు అందులో ఏమున్నది? వాడికి నడకే సరిగా రాలేదు.

ఆ అమ్మాయి వాళ్ళమ్మకు డాక్టరు వారానికొకసారి వేసుకునే మాత్ర రాసిచ్చాడట. అది మెథోట్రెక్సేట్ అయి ఉంటుంది. దాని వెనుక మన తెలుగువాడి కథ ఒకటి ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో చనిపోయారు. ఆయన వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, లెడర్లీ పరిశోధనశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయించాడు. బడిలో మీకు వారం వారం ఇచ్చే ఇనుము మాత్రలో ఉండేది అదే! తరువాత ఫోలిక్ ఆమ్లంలాగా నటించి కణాలను మోసగించే మందులు కూడా అక్కడే పుట్టాయి. కణం దాన్ని ఫోలిక్ ఆమ్లమనుకుని పట్టుకుంటుంది, పెరగడం ఆగిపోతుంది. 1948లో ఆ మందు రక్తపు కేన్సరు ఉన్న పిల్లలకు కొంతకాలం ఉపశమనం ఇచ్చింది. అదే సంవత్సరం సుబ్బారావుగారు కన్నుమూశారు. తరువాత ఆ జాతి మందే తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి పనికివస్తుందని తేలింది. 1988లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. నేడు దేశదేశాలలో కీళ్ళవాతానికి డాక్టర్లు ముందుగా తలచుకునే మందు ఇదే.

పెద్దలకు రెండు ముక్కలు. ఈ మాత్ర వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు, కాబట్టి వేసుకునే వారం పేరు క్యాలెండరుమీద రాసిపెట్టుకోండి. కడుపుతో ఉన్నవారు దీన్ని వేసుకోకూడదు. వేళ్ళకీళ్ళు వాచి, పొద్దునపూట బిగుసుకుపోవడం వారాల తరబడి పోకపోతే, మగ్గంపనివల్ల వచ్చిన నొప్పేలే అని నూనె రాసుకుంటూ కూర్చోవద్దు. త్వరగా మందు మొదలుపెడితే వేళ్ళు వంకరపోకుండా కాపాడుకోవచ్చు.

ఒకే ఒంట్లో ఇద్దరి కణాలు ఉండడానికి శాస్త్రజ్ఞులు మైక్రోకైమెరిజం అని పేరు పెట్టారు. కైమీరా అంటే గ్రీకుల కథలో సింహమూ, మేకా, పామూ కలిసిన జంతువు. అంతదూరం పోవడమెందుకు? విజయనగర కాలపు గుళ్ళలో సింహపు ఒంటికి ఏనుగు తొండం పెట్టిన యాళి ఉంటుంది గదా. హిందూపురంలో బస్సెక్కితే లేపాక్షి ఎంతసేపు! మనవాళ్ళకు ముందుగా తోచి ఉంటే దీనికి యాళి పేరే పెట్టేవాళ్ళు కాబోలు.

ఈ రాకపోకలు ఒకవైపే కాదు. తల్లి కణాలు కూడా బిడ్డలోకి వెళతాయి. పెద్దవాళ్ళయిన, ఆరోగ్యంగా ఉన్న మనుషులలో వాళ్ళ అమ్మల కణాలు ఇంకా ఉన్నాయని 1999లోనే చూపించారు. 2021లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు మరొక మెట్టు పైకి వెళ్ళారు. అప్పుడే పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించారు. కొందరు బిడ్డలలో ఉన్నవి అమ్మ కణాలు మాత్రమే కాదు. అమ్మను కన్న అవ్వ కణాలు కూడా ఉన్నాయి.