పురిటి సెలవు డబ్బు: ఆలస్యానికి బాధ్యులు అర్జీదారులేనా?

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసే మహిళకు పురిటి సెలవులో జీతానికి బదులు అందే డబ్బు స్టేట్ డిజెబిలిటీ ఇన్సూరెన్స్ నుంచి వస్తుంది. అందరూ ఎస్‌డీఐ అనే ఈ పథకాన్ని ఆ రాష్ట్ర ఉపాధి శాఖ ఈడీడీ నడుపుతుంది. డబ్బు రాక ఆలస్యమైతే అక్కడ తరచూ వినిపించే మాట ఒకటే: కాగితాలు సరిగ్గా పెట్టినవాళ్లకు సమయానికే వస్తుంది, రాలేదంటే ఎక్కడో పొరపాటు చేసి ఉంటారు. హెచ్ఆర్ వాళ్లూ అదే అంటారు, తమ డబ్బు ముందే అందుకున్న సహోద్యోగులూ అదే అంటారు. ఈ మాట వెనక ఇంకో నమ్మకం నక్కి ఉంది. ఇది సర్కారు దయతో ఇచ్చే సాయం కాబట్టి నాలుగు రోజులు ఆలస్యమైనా ఓర్చుకోవాలని. ఈ రెండూ నిలబడవు.

ముందు దయ సంగతి. 1946లో మొదలైన ఈ బీమాకు డబ్బు కట్టేది ఉద్యోగులే. పే స్టబ్‌లో సీఏఎస్‌డీఐ పేరుతో కనిపించే కోత అదే. 2025లో అది జీతంలో 1.2 శాతం. ఒకప్పుడు కొంత జీతం దాటాక కోత ఆగిపోయేది. 2024 జనవరి 1 నుంచి ఆ పరిమితినీ ఎత్తేశారు. ఏడాదికి రెండు లక్షల డాలర్లు సంపాదించే ఇంజినీరు 2025లో 2,400 డాలర్లు కట్టినట్టు. మన ఈఎస్ఐలో ఉద్యోగి 0.75 శాతం కడితే యజమాని 3.25 శాతం కడతాడు. ఎస్‌డీఐలో యజమాని వాటా సున్నా. తిరిగి వచ్చేది జీతంలో 70 నుంచి 90 శాతం. అయితే 2025లో వారానికి 1,681 డాలర్లకు మించదు కాబట్టి, పై ఇంజినీరుకు వారానికి సుమారు 3,846 డాలర్ల జీతం స్థానంలో అందేది అందులో సగానికీ తక్కువే. ప్రీమియం కట్టించుకున్న సంస్థ సమయానికి చెల్లించకపోతే ఓర్పు పాఠం చెప్పాల్సింది పాలసీదారుకు కాదు.

ఇక పొరపాటు సంగతి. ఒక్క తప్పూ లేని అర్జీ నడక ఎలా ఉంటుందో లెక్క వేస్తే చాలు. మామూలు కాన్పుకు డెలివరీ తేదీకి ముందు నాలుగు వారాలు, తర్వాత ఆరు వారాలు చెల్లిస్తారు. సిజేరియన్ అయితే తర్వాతి కాలం ఎనిమిది వారాలు. డాక్టరు అవసరమని రాస్తే ఇంకా పెరుగుతుంది. మొదటి ఏడు రోజులకు పైసా రాదు, అది నిరీక్షణ కాలం. సెలవు మొదలై తొమ్మిది రోజులు కాకముందు అర్జీ పెట్టడానికి వీల్లేదు, 49 రోజులు దాటితే గడువు పోతుంది. అన్ని వివరాలూ చేరాక పరిశీలనకు ఈడీడీ సాధారణంగా చెప్పే వ్యవధి 14 రోజులు. తొమ్మిదో రోజునే అర్జీ పెట్టి, డాక్టరు కాగితం అదే రోజు చేరినా, నిర్ణయం వచ్చేసరికి మూడు వారాలు దాటిపోతుంది. నెల మొదట్లో ఇంటి అద్దె మాత్రం ఆగదు. నియమం ప్రకారమే జరిగే ఈ ఆలస్యంలో అర్జీదారు తప్పు ఎక్కడుందో చూపించడం కష్టం.

డాక్టరు కాగితం అదే రోజు చేరడం కూడా అరుదైన అదృష్టమే. అర్జీలో తన భాగం నింపిన మహిళకు ఒక రసీదు సంఖ్య వస్తుంది. దాన్ని ఆమె క్లినిక్‌కు పంపాలి, క్లినిక్ ఆ సంఖ్యతో వైద్య ధ్రువీకరణను ఈడీడీకి పంపాలి. నెలలు నిండిన మనిషో, పచ్చి బాలింతో రెండు కార్యాలయాల మధ్య తపాలా మోయాలన్నమాట. ఈలోగా ఈడీడీ నుంచి వారానికి ఎంత రావచ్చో చెప్పే లెక్క కాగితం వస్తుంది. క్లెయిమ్ మంజూరైందని చాలామంది అనుకునేది దాన్ని చూసే. అది పాత జీతాల మీద వేసిన లెక్కే కానీ మంజూరు కాదు. డాక్టరు ధ్రువీకరణ చేరకపోతే ఆ అంకె కాగితం మీదే ఉంటుంది. దీన్ని పొరపాటు అనదలిస్తే, అలా పొరబడేలా కాగితం పంపిన సంస్థ పేరు కూడా చెప్పాలి.

పాత జీతాల లెక్కలో ఇంకో మెలిక ఉంది. అర్జీకి సుమారు అయిదు నుంచి పద్దెనిమిది నెలల ముందు వరకు ఉన్న పన్నెండు నెలలనే చూస్తారు. 2025 సెప్టెంబరులో మొదలైన క్లెయిమ్‌కు 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జీతాలే లెక్క. డల్లాస్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 2025 ఏప్రిల్‌లో శాన్ హోసేకి బదిలీ అయిన తెలుగు ఉద్యోగినిని ఊహించుకోవచ్చు. టెక్సాస్‌లో ఇలాంటి బీమా లేదు, అక్కడి జీతం లెక్కకు రాదు. కాలిఫోర్నియాలో ప్రతి జీతంలోనూ కోత పడుతున్నా సెప్టెంబరులో ఆమెకు వచ్చేది శూన్యం. వీసాతో దీనికి సంబంధం లేదు. హెచ్-1బీ మీద ఉన్నా, హెచ్-4 మీద పని అనుమతితో ఉన్నా అర్హత ఒకటే. అడ్డం వచ్చింది క్యాలెండరు. ఏ గడిని ఎంత జాగ్రత్తగా నింపినా అది మారదు.

ఈ తనిఖీలన్నీ మోసాలను ఆపడానికే అనే వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. దొంగ క్లెయిములు నిజంగానే వచ్చాయి. 2022 జనవరిలో ఈడీడీ దాదాపు 27,000 వైద్య సేవకుల పేర్లను అనుమానించి, వాటితో ముడిపడిన సుమారు 3,45,000 డిజెబిలిటీ క్లెయిములను నిలిపేసింది. కానీ ఆ చర్య నిరూపించేదేమిటి? అనుమానం వైద్యుడి పేరు మీద పడ్డా ఆగేది రోగి డబ్బే. అర్జీలో అక్షరం తప్పని మనిషి కూడా ఇలా ఇరుక్కోవచ్చు. గుర్తింపు పరిశీలనలో తెలుగువారికి ఇంకో చిక్కు ఎదురుకావచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకో చోట, పెళ్లయ్యాక మార్చిన పేరు డ్రైవింగ్ లైసెన్సులో మాత్రమే ఉంటే కంప్యూటరుకు ముగ్గురు మనుషులు కనిపిస్తారు.

అసలు చిక్కుకు మూలం పథకం పుట్టుకలో ఉంది. ఇది జబ్బుల కోసం కట్టిన బీమా. మామూలు గర్భధారణను మొదట్లో బయటే ఉంచారు. గెడుల్డిగ్ వర్సెస్ ఆయెలో కేసులో 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో దాన్ని సమర్థించింది. ఏ నష్టాలకు బీమా ఇవ్వాలో తేల్చుకునే హక్కు రాష్ట్రానికి ఉందని పాటర్ స్టీవర్ట్ తీర్పు రాశారు. మగవారికే వచ్చే ప్రొస్టేట్ శస్త్రచికిత్సకు, గౌట్ లాంటి ప్రధానంగా మగవారి జబ్బులకు చెల్లిస్తూ గర్భానికి చెల్లించకపోవడం వివక్ష కాదా అని విలియం బ్రెన్నన్ భిన్నాభిప్రాయంలో ఎత్తి చూపారు. ఆ దశాబ్దం ముగిసేలోపు కాన్పుకూ చోటు దొరికింది కానీ ఇంటి నక్షా పాతదే. కాలు ఎప్పుడు విరుగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి, పని మానేశాకే అర్జీ పెట్టాలనడం ఆ విషయంలో సబబు. డెలివరీ తేదీ నెలల ముందే డాక్టరు రాసిపెడతాడు. అయినా ఆ తేదీని అనుకోని ప్రమాదంలాగే చూస్తారు.

కాన్పు తర్వాత కథ మళ్లీ మొదలవుతుంది. అనుకోకుండా సిజేరియన్ అయితే అదనపు రెండు వారాల కోసం వైద్య సమాచారం మళ్లీ ఈడీడీకి చేరాలి. ఎస్‌డీఐ ముగిశాక బిడ్డతో గడిపేందుకు పెయిడ్ ఫ్యామిలీ లీవ్ కింద ఎనిమిది వారాల చెల్లింపు ఉంది. 2020 జూలైకి ముందు అది ఆరు వారాలే. దానికి నిరీక్షణ కాలం లేదు, కానీ అది మరో క్లెయిమ్, మరో ఫారం. కంపెనీ తరఫున ప్రైవేటు డిజెబిలిటీ బీమా ఉన్నవారికి ఇంకో దెబ్బ. ఎస్‌డీఐ వస్తుందన్న అంచనాతో చాలా బీమా కంపెనీలు ఆ మేరకు ముందే తగ్గించి ఇస్తాయి. ఈడీడీ డబ్బు ఆగిందంటే రెండు చోట్లా తక్కువే. ఉద్యోగ రక్షణ కూడా ఎస్‌డీఐలో లేదు, దానికి వేరే చట్టాలున్నాయి.

తప్పులు చేసే అర్జీదారులు లేరని కాదు. తేదీలు తారుమారు చేసేవారు, యజమాని ఇచ్చే సిక్ లీవ్ డబ్బును చెప్పడం మరిచేవారు ఉంటారు. అర్హత లేదని నోటీసు వస్తే 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు, దాన్ని ఈడీడీకి బయటి న్యాయాధికారి వింటారు. నిర్ణయమే రాక వేలాడుతున్న క్లెయిమ్‌కు ఆ దారి అక్కరకు రాదు, అప్పీలు చేయడానికి తిరస్కరణ అంటూ ఒకటి ఉండాలి కదా.

వేరే పద్ధతి సాధ్యం కాదనేవారు న్యూజెర్సీని చూడవచ్చు. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన ఆ రాష్ట్రంలోనూ 1948 నుంచి ఇలాంటి బీమా ఉంది. అక్కడ గర్భిణి సెలవుకు 60 రోజుల ముందే అర్జీ పెట్టవచ్చు. డబ్బు సెలవు మొదలయ్యాకే వస్తుంది. డాక్టరు కాగితాల వేట మాత్రం పురిటి నొప్పులకు ముందే ముగించుకునే వీలుంటుంది. ఉద్యోగుల జీతాల వివరాలు యజమానుల నుంచి ప్రతి మూడు నెలలకూ ఈడీడీకి అందుతూనే ఉన్నాయి. అర్జీని ముందే తీసుకోవడానికి కాలిఫోర్నియాకు కావలసింది కొత్త సమాచారం కాదు, తొమ్మిది రోజుల నియమాన్ని కాన్పుల విషయంలో ఎత్తేయడం.