ఓటరు జాబితాలో మీ పేరుందా? బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారికి విన్నపం



2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పోలింగ్ జరిగింది. ఆ ఒక్క ఓటు కోసం ఈ దేశం నుంచి సెలవు పెట్టి, విమానం టికెట్టు కొనుక్కుని ఊరికి వెళ్లినవాళ్లు మనలో ఉన్నారు. వెళ్లలేనివాళ్లు ఫోన్లు చేసి బంధువులను పోలింగ్‌కు పంపారు. ఆ తపన గొప్పది. రెండు నెలలు తిరక్కుండానే, జులై 4న, మనం అద్దె కట్టి ఉంటున్న పేటలోనే, ఏ బడిలోనో చర్చి హాల్లోనో బ్రిటన్ పార్లమెంటు ఎన్నికలకు పోలింగ్ పెట్టారు. పది నిమిషాల నడక. అక్కడిదాకా వెళ్లినవాళ్లు మనలో ఎందరు? చాలామందికి ఇక్కడ తమకు ఓటుందన్న సంగతే తెలియదు. ముందుగా వాళ్ల కోసమే ఈ కరపత్రం.

మీది భారత పాస్‌పోర్టే కావచ్చు, బ్రిటిష్ పౌరసత్వం తీసుకునే ఆలోచనే మీకు లేకపోవచ్చు. అయినా ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో మీరు ఓటు వేయవచ్చు. భారతదేశం కామన్‌వెల్త్‌లో ఉంది కాబట్టి ఈ హక్కు వచ్చింది. చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివాసం ఉండి, 18 ఏళ్లు నిండితే చాలు. స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసా, డిపెండెంట్ వీసా, ఏదైనా సరే. ఫ్రాన్స్ నుంచో పోలండ్ నుంచో వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే పన్నులు కడుతున్న మనిషికి పార్లమెంటు ఓటు లేదు. మొన్ననే వరంగల్ నుంచో గుంటూరు నుంచో వచ్చి ఎమ్మెస్సీలో చేరిన విద్యార్థికి ఉంది.

భయాలు కూడా విన్నాను. పేరు నమోదు చేసుకుంటే వీసాకు ఇబ్బంది వస్తుందని కొందరంటారు. రాదు. ఇది చట్టం ఇచ్చిన హక్కు, దాన్ని వాడుకోవడం తప్పెలా అవుతుంది? ఇక్కడ ఓటేస్తే మన పౌరసత్వం పోతుందని ఇంకొందరి అనుమానం. వేరే దేశపు పౌరసత్వం పుచ్చుకుంటే మనది పోతుంది గానీ ఓటు వేస్తే పోదు. జాబితాలో పేరుంటే మేలే ఉంది: బ్యాంకులు, అద్దెకిచ్చే ఏజెంట్లు చూసే క్రెడిట్ రికార్డుకు అది సాయపడుతుంది.

ఇక అసలు విషయం. ఇక్కడి పార్టీలు ప్రచారం చేసే తీరు మన ఊళ్లలో మనం చూసినట్టు ఉండదు. మైకుల హోరు, గోడల మీద రాతలు కనపడవు. టీవీలో, రేడియోలో డబ్బిచ్చి రాజకీయ ప్రకటన వేయించుకోవడం నిషేధం. అభ్యర్థి ఖర్చుకు గట్టి హద్దు ఉంది: 2024 ఎన్నికల చివరి వారాల ప్రచారానికి 11,390 పౌండ్లు, దాని మీద ఓటరుకు 8 లేదా 12 పెన్నీలు. నియోజకవర్గం మొత్తానికి ఇరవై వేల పౌండ్లకు అటూఇటూ అన్నమాట. అంత తక్కువ డబ్బుతో చేయగలిగేది గుమ్మం తట్టడం, కరపత్రం వేయడం.

శనివారం పొద్దున కోటుకు పార్టీ రంగు రిబ్బన్ పువ్వు గుచ్చుకుని ఐదారుగురు కార్యకర్తలు వీధి మొదట్లో కలుస్తారు. ఒకరి చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలో, ఫోన్‌లో యాపో ఉంటుంది. ఏ ఇంట్లో ఏ ఓటర్లున్నారో పేర్లతో సహా అందులో ఉంటుంది. పన్నెండో నంబరుకు వెళ్లండి, ఇద్దరున్నారు, పద్నాలుగు వదిలేయండి, పదహారులో ఒకరు అని ఆ మనిషి చెబుతుంటే మిగతావాళ్లు వెళ్లి తలుపు తడతారు. ఎవరికి వేద్దామనుకుంటున్నారు, మీకు ముఖ్యమైన సమస్య ఏది అని అడిగి, జవాబు రాసుకుంటారు. ఆ జవాబులన్నీ సాయంత్రానికి పార్టీ ఆఫీసు కంప్యూటర్‌లోకి చేరతాయి. పద్నాలుగో నంబరు ఎందుకు వదిలేశారు? ఆ ఇంట్లో ఎవరి పేరూ జాబితాలో లేదు గనక. ఆ ఇల్లు మనదే. లోపల నలుగురు పెద్దవాళ్లున్నా ఆ కాగితం మీద అది ఖాళీ ఇల్లు. మన సమస్య ఏమిటని అడిగేవాళ్లు లేరు, చెప్పుకునే అవకాశం మనకూ లేదు.

ఇంకో సంగతీ తెలుసుకోవాలి. మనం ఎవరికి ఓటేశామన్నది రహస్యం. వేశామా లేదా అన్నది మాత్రం రహస్యం కాదు. పోలింగ్ కేంద్రంలో సిబ్బంది మన పేరు పక్కన గీత గీస్తారు. ఎన్నికలయ్యాక ఆ గీతల జాబితా నకలును పార్టీలు రుసుము కట్టి తీసుకోవచ్చు. తరవాతి ఎన్నికల్లో ఎవరి ఇంటికి తప్పకుండా వెళ్లాలో, ఎవరిని వదిలేసినా ఫరవాలేదో దాన్ని చూసి తేల్చుకుంటారు. అందుకే, ఏ అభ్యర్థీ నచ్చలేదని ఇంట్లో కూర్చున్నా నష్టం మనకే.

మన నాలుగు ఓట్లతో ఏమవుతుంది అంటారా? 2024లో లండన్‌లోని హెండన్‌లో లేబర్ అభ్యర్థి గెలిచింది 15 ఓట్లతో. పూల్‌లో తేడా 18. బాసిల్డన్ అండ్ బిల్లెరికేలో కన్సర్వేటివ్ గట్టెక్కింది 20 ఓట్లతో. ఒక వీధిలో నాలుగైదు అద్దె ఇళ్లలో ఉండే మనవాళ్లు అంతమంది ఉంటారు. ఇది ఇప్పటి మాటే కాదు. 1892లో దాదాభాయి నౌరోజీ సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి పార్లమెంటుకు వెళ్లారు. ఆయనలాంటి నల్లవాణ్ణి ఇంగ్లండులో ఎవరూ ఎన్నుకోరని అంతకు కొన్నేళ్ల ముందు సాక్షాత్తూ ప్రధానమంత్రి సాల్స్‌బరీ బహిరంగ సభలో అన్నాడు. నౌరోజీ మెజారిటీ 5 ఓట్లు.

మనకు పట్టే విషయాలు ఒకటా రెండా? వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జి 2024 ఫిబ్రవరి నుంచి చాలామంది పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లయింది. అదే ఏడాది మొదట్లో చాలామంది విద్యార్థులకు భార్యనో భర్తనో తెచ్చుకునే వీలు పోయింది, మార్చిలో కేర్ వర్కర్లకూ పోయింది. ఇవి కన్సర్వేటివ్ ప్రభుత్వం చేసినవి. 2025 మేలో లేబర్ ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రం, ఇక్కడ స్థిరపడే హక్కుకు కావలసిన ఐదేళ్లను పదేళ్లు చేయాలని ప్రతిపాదించింది. పిల్లల చదువులు, ఇంటి లోను, ఊళ్లో ఉన్న ముసలి తల్లిదండ్రులు, అన్నీ ఆ ఐదేళ్ల లెక్క మీద పెట్టుకున్న కుటుంబాలు మన మధ్య ఎన్ని లేవు! ఇంత జరుగుతున్నా మన గుమ్మానికి వచ్చి ఇదేమంటారని అడిగిన అభ్యర్థి లేడు.

ఏ పార్టీకి వేయాలో ఈ కాగితం చెప్పదు. ఆ మాట చెప్పే పెత్తనం తెలుగు సంఘాలకు కూడా ఉండకూడదని నా గట్టి నమ్మకం. 2024లో మనవాళ్లు వేర్వేరు పార్టీల తరఫున నిలబడ్డారు: నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ తరఫున ఉదయ్ నాగరాజు, స్టోక్ ఆన్ ట్రెంట్ సెంట్రల్‌లో కన్సర్వేటివ్ తరఫున డాక్టర్ చంద్ర కన్నెగంటి. ఇద్దరూ ఓడిపోయారు, అయినా వాళ్ల ధైర్యం మెచ్చుకోదగ్గది. మనం మానుకోవలసిందల్లా పండగ సభకు ఎంపీని పిలిచి, శాలువా కప్పి, ఫొటో దిగి పంపేయడం. పిలవండి, శాలువా కూడా కప్పండి. కానీ ఆ తర్వాత పావుగంట మైకు సభలో ఉన్నవాళ్లకు ఇవ్వండి. స్థిరనివాసం గడువు మీద మీరు ఎటు ఓటేస్తారని అడగనివ్వండి. ఎన్నికల వేళ అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి ప్రశ్నలడగడం ఇక్కడి సంప్రదాయమే. స్లౌలో, రెడింగ్‌లో, మిల్టన్ కీన్స్‌లో, ఈస్ట్ హామ్‌లో మన సంఘాలూ ఆ సభ పెట్టవచ్చు.

జాబితాలో లేకపోవడం మన ఒక్కరి లోపం కాదు. ఒకప్పుడు ఇంటిపెద్ద అందరి పేర్లూ రాసి పంపేవాడు. 2014 నుంచి ఎవరి పేరు వాళ్లే నమోదు చేసుకోవాలి. ఇక్కడి ఎన్నికల సంఘం 2023లో చెప్పిన లెక్క ప్రకారం అర్హులై ఉండి జాబితాలో సరిగ్గా లేనివారు 80 లక్షల దాకా ఉంటారు. ప్రైవేటు అద్దె ఇళ్లలో ఉండేవారిలో జాబితాకెక్కింది 65 శాతమే. మనలో ఎక్కువమంది ఉండేది ఆ ఇళ్లలోనే. పన్ను కట్టించుకోవడానికి మన చిరునామా ప్రభుత్వానికి తెలిసినప్పుడు, ఓటరుగా రాసుకోవడానికి ఎందుకు తెలియకూడదు? నమోదు దానంతట అదే జరిగే పద్ధతి వైపు వెళ్తామని 2025 జులైలో ప్రభుత్వం ప్రకటించింది. దాన్ని ఆలస్యం లేకుండా అమల్లో పెట్టమని మీ ఎంపీకి ఒక ఈమెయిల్ రాయండి. తన నియోజకవర్గంలో నివాసం ఉన్నవాళ్ల ఉత్తరాలు చూడడం ఎంపీ పని, మీరు వాళ్లకు ఓటేశారా లేదా అన్నదానితో నిమిత్తం లేదు.

అప్పటిదాకా మన పని మనమే చేసుకోవాలి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదుకు ఐదు నిమిషాలు పడుతుంది. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. లేకపోతే లేదని రాసినా దరఖాస్తు తీసుకుంటారు, గుర్తింపు కాగితాలు తరవాత అడుగుతారు. కౌన్సిల్ నుంచి ఇంట్లో ఉన్నవారికి అని మాత్రమే రాసి వచ్చే కవరును పిజ్జా కాగితాలతో కలిపి పారేయకండి. ఇంట్లో ఓటర్లు ఎవరెవరో అడిగే ఉత్తరం అదే కావచ్చు. ఇల్లు మారితే కొత్త చిరునామాతో మళ్లీ నమోదు కావాలి. పోలింగ్‌కు 12 పనిదినాల ముందు అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది. 2024లో అప్పటి ప్రధాని రిషి సునాక్ మే 22న ఎన్నిక ప్రకటిస్తే, జూన్ 18కే తలుపు మూశారు. పోలింగ్ రోజు ఫొటో ఉన్న గుర్తింపు కావాలి: భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, యూనివర్సిటీ కార్డు చెల్లదు. షిఫ్టు డ్యూటీలవాళ్లు పోస్టు ఓటుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

వచ్చే సాధారణ ఎన్నిక 2029 ఆగస్టు 15 లోపు ఎప్పుడైనా రావచ్చు. తెలుగు సంఘాల పెద్దలకు నేను అడిగేది ఒక్కటి. దసరాకో బతుకమ్మకో ఉగాదికో హాలు బుక్ చేసినప్పుడు, భోజనాల వరస పక్కన ఒక బల్ల, దాని మీద రెండు ల్యాప్‌టాప్‌లు, పక్కన ఓపికున్న ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టండి. ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డ ప్రతి ఒక్కరినీ అడగమనండి: మీ పేరు జాబితాలో ఉందా, మీ ఆవిడ పేరుందా, మీ ఇంట్లో అద్దెకుంటున్న పిల్లలవి ఉన్నాయా?