అందరూ ఒకే దెబ్బ కొడితే అది దరువా?

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎటు వెళ్ళినా ఒక ఇంటర్నేషనల్ స్కూల్ బోర్డు కనిపిస్తుంది. వార్షికోత్సవం వచ్చిందంటే నలభైమంది పిల్లలకి తలా ఒక డ్రమ్ము ఇచ్చి, స్పీకర్‌లో పాట పెట్టి, అందరి చేతా ఒకే దెబ్బ కొట్టిస్తారు. మనం ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకుంటాం. కటువుగా ఉంటే ఉండనీయండి, అది వాద్య బృందం కాదు, డ్రిల్లు.

బృందం అంటే ఎవరి దెబ్బ వాళ్ళది, లెక్క అందరిదీ. వంటింట్లోనే చూసుకోవచ్చు. ఒకటి నుంచి ఆరు దాకా ఆపకుండా లెక్కపెట్టండి. పెద్దపిల్ల 1, 3, 5 దగ్గర గిన్నె మీద కొట్టాలి. చిన్నోడు 1, 4 దగ్గర చప్పట్లు కొట్టాలి. ఒకటి దగ్గర ఇద్దరూ కలుస్తారు, మిగతా చోట్ల విడిపోతారు. మొదట్లో చిన్నోడు అక్క దెబ్బలోకి జారిపోతాడు. చెవులు మూసుకుంటే కుదరదు, అక్కని వింటూనే తన దెబ్బ తను పట్టుకోవాలి. అత్తాకోడళ్ళున్న ఇంట్లో పెద్దవాళ్ళకే రాని విద్య ఇది!

ఇది నేర్పేవాళ్ళ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. డప్పు కొట్టే మనిషి ఒక చేత్తో పొట్టి సిర్ర, ఇంకో చేత్తో సన్నని సిటికెన పుల్ల పట్టుకుని ఒక్కడే రెండు శబ్దాలు పలికిస్తాడు. నలుగురు చేరితే ఒకరు నడక పట్టుకుంటే మిగతావాళ్ళు దాని మీద దరువులు అల్లుతారు.

కానీ స్కూళ్ళు జెంబే కొంటాయి. జెంబే మీద నాకు కోపం లేదు. పశ్చిమాఫ్రికాలో దాని పక్కన దుందున్ డోళ్ళు వేరే దరువు పట్టుకుంటాయి. మన దగ్గరికి డ్రమ్ము వచ్చింది గానీ ఆ పద్ధతి రాలేదు.

డప్పు ఎందుకు వద్దంటే, "అది చావు డప్పు కదండీ" అంటారు. మరి ఆషాఢంలో బోనం ముందు మోగేది ఏది? పోతరాజు ఆడేది దేనికి? బోనాలు 2014లో రాష్ట్ర పండుగ అయ్యాయి. డప్పు మాత్రం క్లాసు గడప దాటలేదు. అసలు అడ్డం చావు కాదు, కులం. మాదిగల వాద్యం, తోలు వాద్యం అని వెనకడుగు. మృదంగానికి ఉన్నదీ తోలే కదా!

తరతరాలుగా వెట్టిగా డప్పు మోసినవాళ్ళ పిల్లలు ఇక ముట్టమంటే అది వాళ్ళ హక్కు. నేర్పుతామని వచ్చేవాళ్ళని మాత్రం ఊరేగింపుకి పిలిచినట్టు పిలవకూడదు. కీబోర్డు మాస్టారుకి ఇచ్చే జీతం, అదే కుర్చీ, అదే "సార్" అన్న పిలుపు ఇవ్వాలి.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ఫీజు సంగతి అయ్యాక రెండు ప్రశ్నలు వేయండి. మా పిల్లలు పాట ఆపేసినా వాయించగలరా? డప్పు నేర్పే సార్ ఎప్పుడొస్తారు?