పిల్లని చూపిస్తేనే డబ్బు, డబ్బిస్తేనే పిల్ల

మన ఐటీ జనాలకి ఒక జబ్బుంది. ఏ సమస్యకైనా ఎక్కడో ఒక అడ్డదారి ఉంటుందని గట్టి నమ్మకం. ఇన్‌కమ్ టాక్సుకి వెతికినట్టే విడాకులకీ వెతుకుతాం. "మేం విడిపోతున్నాం రా" అని ఎవడైనా నోరు జారితే చాలు, క్యాంటీన్లో ఉచిత సలహాలు మొదలు. "ముందు ఉద్యోగానికి రాజీనామా కొట్టు, భరణం తప్పుతుంది", "ఫ్లాటు మీ అమ్మ పేర రాసెయ్". అమ్మాయిలకి అందే సలహాలేమన్నా తక్కువా? "పిల్లని చూపించడం మానెయ్, వాడే దారికొస్తాడు". నా కోపమంతా ఈ సలహాదారుల మీదే.

ముందు మగాళ్ల సంగతి. 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది. భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్ రూపంలో బయటపెట్టాలి. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క. అంటే వాయిదాల మీద వాయిదాలు లాగితే మిగిలేది పొదుపు కాదు బాబూ, బకాయి! ఒళ్లు బాగుండి చదువున్నవాడు "నాకు ఉద్యోగం లేదు" అంటే జడ్జిగారు జాలిపడి వదిలెయ్యరు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. తల్లి కూడా బాగా సంపాదిస్తుంటే పిల్లల ఖర్చు ఇద్దరూ దామాషా ప్రకారం పంచుకోవచ్చు. మన ఆఫీసుల్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే కదా, ఈ మాట ఎవరూ ఎత్తరేం?

ఇక రెండో సలహా. "అయిదేళ్లలోపు పిల్లలు తల్లి దగ్గరే, కాబట్టి తండ్రికి హక్కు లేదు" అని కొందరు, "అయిదు దాటితే నాన్నదే" అని కొందరు. రెండూ తప్పే. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్లో ఆ అయిదేళ్ల మాట "సాధారణంగా" అన్న ముక్కతోనే ఉంది. పదమూడో సెక్షన్ ప్రకారం అన్నిటికంటే ముఖ్యం బిడ్డ సంక్షేమం. 2020లోనే యశితా సాహూ కేసులో సుప్రీంకోర్టు, బిడ్డకి తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కుందని, దూరంగా ఉన్నవాళ్లకి ఫోను, వీడియో కాల్ అవకాశం ఇవ్వాలని చెప్పింది. గమనించండి, హక్కు బిడ్డది. మీదీ కాదు, మీ ఆవిడదీ కాదు.

"డబ్బివ్వని వాడికి పిల్లనెందుకు చూపించాలి?" అంటారు. న్యాయమైన కోపమే. కానీ వసూలుకి వేరే దారుంది. ఆర్డరున్నా ఇవ్వకపోతే వారెంటు తెప్పించొచ్చు, జైలుకీ పంపించొచ్చు. "దొంగ కేసులు పెట్టిన ఆవిడకి డబ్బెందుకివ్వాలి?" అని ఇటువైపు. ఆ కేసుల మీద కోర్టులో పోరాడండి, ఎవరొద్దన్నారు? స్కూలు ఫీజు మాత్రం ఆపకండి. ఆ కేసు పెట్టింది మీ రెండో క్లాసు పిల్ల కాదు.

అమెరికా నుంచి పిల్లాడిని తీసుకుని చెప్పకుండా హైదరాబాదు విమానం ఎక్కేసేవాళ్ల కథ ఇంకోటి. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. అక్కడి కోర్టు ఆర్డరు ఇక్కడ పరిశీలించే అంశాల్లో ఒకటి మాత్రమేనని 2017లో నిత్యా ఆనంద్ రాఘవన్ కేసులో తేలింది. దీన్ని కూడా అడ్డదారి అనుకుంటారు మనవాళ్లు. నిజానికి రెండు దేశాల్లో రెండు కేసులు, ఇద్దరు లాయర్లు, మధ్యలో అమ్మో నాన్నో కనపడని ఒక పిల్లాడు.

చట్టంలో లోపం లేదా అంటే, ఉంది. పిల్లల్ని ఇద్దరూ కలిసి పెంచే పద్ధతికి చట్టంలో చోటివ్వాలని లా కమిషన్ 2015లోనే 257వ నివేదికలో చెప్పింది. అది ఇంకా చట్టం కాలేదు. కానీ అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్లు ఫీజులెవరు కట్టాలి, వేసవి సెలవులెక్కడ, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండాలి అన్నీ ఒప్పందంలో రాసుకోవచ్చు. అర్ధరాత్రి సర్వరు పడిపోతే ఎవరు లేవాలో పేజీలకు పేజీలు రాస్తాం కదా! అర్ధరాత్రి పిల్లకి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసుకోవడానికి మనకేం రోగం?

ఈసారి క్యాంటీన్లో ఎవరైనా "పిల్లని చూపించకు" అనో, "ఉద్యోగం మానెయ్" అనో అంటే, దయచేసి అక్కడే నోరు మూయించండి.