ముత్యాల గర్భం: కడిగించిన తరువాతనే అసలు జాగ్రత్త

ఖానాపూర్: గర్భం నిలిచిందని సంతోషించిన ఇంట్లో రెండు మూడు నెలలకే నెత్తురు కనిపించడం, స్కానింగ్ తీయిస్తే కడుపులో బిడ్డ లేదనీ, ఉడికిన సగ్గుబియ్యం వంటి బుడగలు గుత్తులుగా వున్నాయనీ తేలడం అప్పుడప్పుడు జరిగే సంగతే. దీనినే ముత్యాల గర్భం అంటున్నారు. ఆసుపత్రిలో గర్భసంచి కడిగించి ఇంటికి తెచ్చుకుంటారు. పీడ విరగడైందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ప్రమాదం పొంచి వుండేది ఆ తరువాతనే.

మాయగా తయారు కావలసిన కణాలు అదుపు తప్పి పెరగడం వల్ల ముత్యాల గర్భం ఏర్పడుతుంది. పూర్తి ముత్యాల గర్భం కడిగించుకున్న వారిలో నూటికి 15 నుండి 20 మందికి ఆ కణాలు లోపల మిగిలి మళ్లీ పెరుగుతాయి. వీరిలో కొందరికి అది కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ అవుతుంది. స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో ఇది బహు అరుదైనది, బహు వేగంగా పాకేది. నెత్తురులో కలిసి ముందుగా ఊపిరితిత్తులకు, ముదిరితే కాలేయానికి, మెదడుకు చేరుతుంది. ముత్యాల గర్భం తరువాతనే కాక, కడుపు పోయిన తరువాత, అరుదుగా మామూలు కాన్పు తరువాత కూడా ఇది రావచ్చు.

ఇంతవరకు విన్నవారికి గుండె జారడం సహజమే. అయితే ఈ జబ్బు విషయంలో ఒక విశేషం వున్నది. గర్భాశయ సార్కోమా వంటి ఇతర అరుదైన క్యాన్సర్లు ఊపిరితిత్తులకు పాకినాక వైద్యులు సాధారణంగా రోగి ఆయుస్సు కొంత పొడిగించే మాటే చెబుతారు. కోరియోకార్సినోమా అలా కాదు. పాకిన తరువాత కూడా మందులతోనే నయమవుతుంది. తక్కువ ప్రమాదం గల దశలో పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతున్నది. ఎక్కువ ప్రమాదం గల దశలో కూడా సరైన చోట చికిత్స అందితే నూటికి 90 మంది వరకు బ్రతుకుతున్నారు. చాలామందికి గర్భసంచి తీయవలసిన అవసరం వుండదు.

ఈ మందుకు తెలుగువారితో సంబంధం వుండడం గమనార్హం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో పని చేస్తూ, ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించారు. ఆయన సోదరులు గ్రహణి వ్యాధితో కన్నుమూయగా, అదే వ్యాధికి ఫోలిక్ ఆమ్లం మందయింది. గర్భిణులకు ఏ.ఎన్.ఎమ్.లు ఇచ్చే ఐరన్ బిళ్లల్లో వున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. కణాలకు దానిని అందకుండా అడ్డుకునే మందులు కూడా ఆయన పరిశోధనశాల నుండే వచ్చాయి. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. ఈ మందుతో కోరియోకార్సినోమా నయం కావడాన్ని చూడకుండానే 1948లో సుబ్బారావు మరణించారు.

1956లో అమెరికాలోనే మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు, ఊపిరితిత్తులకు పాకిన కోరియోకార్సినోమా మెథోట్రెక్సేట్‌తో తగ్గిందని ప్రకటించారు. ఎక్స్‌రేలో గడ్డలు మాయమైనా రోగి ఒంట్లో హెచ్.సి.జి. అనే హార్మోను కొద్దిగా మిగిలి వుండడాన్ని లీ గమనించారు. అది పూర్తిగా పోయేవరకు మందు ఆపరాదని పట్టుబట్టారు. రోగులకు అనవసరంగా మందు పోస్తున్నాడని పై వారు ఆయనను ఉద్యోగం నుండి సాగనంపారు. ముందుగా మందు ఆపిన వారికి జబ్బు తిరగబెట్టింది, లీ రోగులు మాత్రం నిలిచారు. తప్పు ఎవరిదో అప్పుడు తేలింది. 1972లో లీకి లాస్కర్ బహుమతి ఇచ్చారు.

ఖానాపూర్ ప్రాంతానికి కూడా కావలసింది ఈ పాఠమే. హెచ్.సి.జి. అంటే కొత్తదేమీ కాదు. ఆశా కార్యకర్తల వద్ద వుండే గర్భ నిర్ధారణ కిట్టు మూత్రంలో చూసేది దానినే. ముత్యాల గర్భం కడిగించిన తరువాత ఆ హార్మోను మామూలు స్థాయికి దిగేవరకు వారానికో, రెండు వారాలకో ఒకసారి, పిదప కొన్ని నెలలపాటు నెలకొకసారి రక్త పరీక్ష చేయించుకోవాలి. హార్మోను దిగకుండా నిలిచినా, తిరిగి పెరిగినా జబ్బు లోపల వున్నట్లే. కణాలు ఊపిరితిత్తులకు చేరకముందే ఈ పరీక్ష పసిగడుతుంది.

పరీక్ష చిన్నదే, దానికి వెళ్లి రావడమే కష్టం. పెంబి, కడెం మండలాల గూడాల నుండి నిర్మల్‌కు వెళ్లి వస్తే ఒక పగలు పోతుంది. వానాకాలంలో వాగులు పొంగితే ఆ దారీ వుండదు. 2023 డిసెంబర్ 9 నుండి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు టికెట్టు లేదు, నిజమే. కాని వెంట వచ్చే మగమనిషికి టికెట్టు వున్నది, ఆ రోజు బీడీలు చుట్టని ఆడమనిషికి కూలి లేదు. ఒంట్లో నలత లేనప్పుడు ‘బాగానే వున్నాను కదా’ అని మూడో పరీక్షకో నాలుగో పరీక్షకో మానివేయడం సులువు.

ఇక లెక్కల సంగతి. కాన్పు అయిన తల్లి బాలింతల జాబితాలోకి వస్తుంది, ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి చూస్తుంది. ముత్యాల గర్భం తీయించుకున్న స్త్రీకి బిడ్డ లేదు, టీకా లేదు. ఆమె పేరు గర్భిణుల పుస్తకం నుండి తొలగితే మరి ఏ పుస్తకంలో చేరాలి? ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. క్యాన్సర్ మందుల చికిత్సలు ఆ పథకంలో వున్నాయి. కాని అది అక్కరకు వచ్చేది జబ్బు బయటపడిన తరువాతనే. అంతకు ముందు నెలల తరబడి చేయించవలసిన పరీక్షలను గుర్తు చేసేవారు ఎవరో తేలాలి. ఇందుకు పెద్ద భవనం అక్కరలేదు. కడిగించిన ఆసుపత్రి నుండి ఊరి ఏ.ఎన్.ఎమ్.కు ఒక చీటీ, ఆమె వద్ద ఒక తేదీల కార్డు, నెత్తురు నమూనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే తీసి పై లేబొరేటరీకి పంపే ఏర్పాటు వుంటే చాలు. ఆరోగ్య శాఖ ఈ మాత్రం చేయగలదు.

పరీక్షలు మానిన వారి విషయంలో కొన్ని గుర్తులు మరువరాదు. కడిగించిన తరువాతనో, కడుపు పోయిన తరువాతనో, కాన్పు తరువాతనో నెత్తురు ఆగకుండా పోతున్నా, గర్భం లేని స్త్రీకి కిట్టులో రెండు గీతలు పడినా అనుమానించాలి. దగ్గులో నెత్తురు పడితే క్షయ అని ఒక్క మాటతో తేల్చివేయరాదు. క్షయ పరీక్షతో పాటు ఇటీవలి గర్భం సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. తలనొప్పి, ఫిట్లు వస్తే గాలి సోకిందని భూతవైద్యుని వద్ద రోజులు పోగొట్టుకోవడం మరీ ప్రమాదం. యోనిలో నీలిరంగు గడ్డ కనిపిస్తే దానిని కోయించరాదు, నెత్తురు ఆగకుండా పోయే ప్రమాదం వున్నది.

ఇటువంటి వారిని నిర్మల్ ప్రభుత్వ ఆసుపత్రికో, ఆదిలాబాద్ రిమ్స్‌కో తీసుకువెళ్లాలి. జబ్బు పాకినట్లు తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వున్నది. అక్కడికి 200 కిలోమీటర్లు దాటిన ప్రయాణమైనా వెనుకాడరాదు. ఎక్కువ ప్రమాదం గల వారికి ఒక మందు చాలదు, ఐదు మందులు కలిపి విడతలు విడతలుగా ఇస్తారు. హార్మోను మామూలు స్థాయికి వచ్చిన తరువాత కూడా మరికొన్ని విడతలు వేస్తారు. నయమైంది కదా అని ఆ చివరి విడతలు ఎగవేసి ఇంటికి రావడం, లీ వద్దన్న పనే చేయడం అవుతుంది.

పల్లెల్లో మరొక బాధ వున్నది. బిడ్డకు బదులు బుడగలు పడ్డాయని కోడలిని నిందించడం వింటూనే వున్నాము. పూర్తి ముత్యాల గర్భంలో జన్యువులు తండ్రి వైపు నుండి వచ్చినవే వుంటాయి, తల్లివి వుండవు. అంతమాత్రాన మగవాని తప్పనీ కాదు, అండం ఫలదీకరణలో జరిగే పొరపాటు అది. మళ్లీ ముత్యాల గర్భం వచ్చేది నూటికి ఒకరికే. పరీక్షలు ముగిసేవరకు మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలి. ఎందుకంటే కొత్త గర్భం వస్తే హార్మోను పెరిగింది జబ్బు వల్లనో బిడ్డ వల్లనో తెలియకుండా పోతుంది. క్యాన్సర్ మందులు వాడిన వారు చికిత్స ముగిసిన తరువాత ఏడాది ఆగాలి. ఆ పిదప గర్భం దాల్చి ఆరోగ్యమైన బిడ్డలను కన్న తల్లులు ఎందరో వున్నారు. అప్పుడు కూడా తొలి నెలల్లోనే ఒకసారి స్కానింగ్ తీయించుకోవాలి, కాన్పు తరువాత హెచ్.సి.జి. పరీక్ష ఒకటి చేయించుకోవాలి.